ఏ పాలెమున కాపురము?

విశాఖపట్టణమున పాలెములకు కొదువ లేదు. అక్కయ్యపాలెము, మర్రిపాలెము, కంచరపాలెము, కూర్మన్నపాలెము అనునవి తమ పేరు తాము నిలుపుకొన్నవి. ఆంగ్లపు పొడి అక్షరములలో ఒదిగిపోయినవి వేరే ఉన్నవి. ఎం.వి.పి. కాలనీ అని నేడు అందరును పిలుచుచున్నది ఒకప్పటి మువ్వలవానిపాలెము. పి.ఎం. పాలెమనగా పోతినమల్లయ్యపాలెము. పెద్ద ఊరికి అనుబంధముగా వెలసిన చిన్న పల్లెను పాలెమందురు. ఆ లెక్కన ఈ మహానగరము పల్లెల చేర్పు. 2005లో మహా విశాఖ నగర పాలక సంస్థ ఏర్పడినపుడు గాజువాక పురపాలక సంఘమును, ముప్పదిరెండు గ్రామములును అందు కలిసినవి. 2013లో ఈ వైపు భీమునిపట్టణమును, ఆ వైపు అనకాపల్లియు చేరినవి. ఊరు పెరిగిన కొలది 'ఊరి చివర' యను మాటకు అర్థము మారుచు వచ్చినది. నిన్నటి చివర నేటి నడుమ.

ఇట్టి ఊరిలో సంసారుల కెదురగు ప్రశ్న యొకటి కలదు. ఉన్న పేట విడిచి మరియొక పేటకు పోవలెనా? పోయినచో ఏ దిక్కునకు? ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలనిరి. కట్టుటకు ముందు ఎక్కడ కట్టవలెనో తేల్చుకొనుటలోని కష్టమును వారు వేరుగా చెప్పలేదు. చెప్పవలసిన అక్కర వారికి లేకపోయెను. ఎక్కడ పొలమో అక్కడ ఇల్లు.

నివాసమునకు తగిన ఊరెట్టిదో చెప్పిన పద్యము సుమతీ శతకమున నొకటి కలదు. అది మన విద్యార్థులకు కంఠస్థమే. అవసరమునకు ఋణము దొరకవలెను, రోగమునకు మందు దొరకవలెను, ఎండిపోని నీరుండవలెను, చదువు తెలిసిన వాడుండవలెను. ఇవి లేని ఊర అడుగిడవలదని దాని తాత్పర్యము. తరగతిలో ఈ పద్యము చెప్పునపుడెల్ల నాకొక ఆలోచన కలుగుచుండును. ఇంత లోకజ్ఞత గల కవి 'చేయు పని ఇంటికి ఎంత దూరము' అను ప్రశ్నను ఏల విడిచెను? అతని కాలమున అది ప్రశ్నయే కాదు. రైతు గట్టు దాటినచో పొలము, సాలె గది దాటినచో మగ్గము. విశాఖపట్టణమును చాలకాలము అట్లే యుండెను. కోటవీధి, కురుపాం మార్కెట్టు మొదలగు పాత పట్టణపు వీధులన్నియు కాలినడకకు సరిపడునట్లు వెలసినవే.

ఇటలీ దేశీయుడైన చేజరే మార్కెట్టి అను భౌతిక శాస్త్రజ్ఞుడు 1994లో ఒక వ్యాసము ప్రకటించెను. ఏ యుగమున నైనను, ఏ దేశమున నైనను మనుష్యుడు రాకపోకలకు దినమున కించుమించు ఒక గంట వెచ్చించునని అతని సిద్ధాంతము. నడచువాడు గంటకు ఐదు కిలోమీటర్లు పోవును. కావున కాలినడక ఊరు నడిబొడ్డునుండి రెండున్నర కిలోమీటర్లకు మించి పెరగదు. గుఱ్ఱపుబండి, ట్రాము, మోటారు వచ్చిన కొలది ఊరు విస్తరించును గాని ఆ గంట మాత్రము మారదట. ఇది సగటు లెక్క యని విద్యార్థులు గుర్తింపవలెను. ఒకే ఇంటిలో ఒకరు పది నిమిషములలో కచేరీ చేరుచుండగా మరియొకరు మూడు గంటలు రోడ్డు మీద గడపుచున్నను సగటు సగటుగనే యుండును. నేను వ్రాయబూనినది ఆ రెండవవారిని గూర్చి.

విశాఖలో పనికిని ఇంటికిని ఎడము పడుట రేవుతో మొదలైనది. ఉప్పుటేటి బురదనేలను త్రవ్వి నిర్మించిన ఓడరేవు 1933లో తెరువబడినది. 1941లో రాజేంద్రప్రసాదు నౌకానిర్మాణశాలకు శంకుస్థాపన చేసిరి. అచట తయారైన 'జల ఉష' అను ఓడను 1948లో నెహ్రూ నీట దింపిరి. 1957లో చమురు శుద్ధి కర్మాగారము వచ్చినది. ఈ పొగగొట్టములన్నియు ఊరికి నైరుతి దిక్కున లేచినవి. బంగళాలు, 1930లో బెజవాడ నుండి తరలి వచ్చిన ఆంధ్ర విశ్వవిద్యాలయము, వాటి వెంట వచ్చిన చదువుకొన్నవారి ఇండ్లు ఈశాన్యపు మెట్ట మీద నిలిచినవి. పని యొక దిక్కు, గాలి చొరబడు ఇల్లు ఒక దిక్కు అను ఏర్పాటు అప్పటినుండియే పాతుకొన్నది. నైరుతి దిక్కున పని, నైరుతి దిక్కుననే కాపురము గలవారిని మాత్రము ఎవరును అడుగలేదు.

ఉక్కు కర్మాగారము వచ్చిన తరువాత ఈ దూరము మరింత సాగినది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతయు లేచినది. ముప్పదిరెండుగురు ప్రాణములు విడిచిరని ఆ ఉద్యమ చరిత్ర చెప్పుచున్నది. 1970లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేసి, 1971 జనవరి 20న పునాదిరాయి వేసిరి. 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు కర్మాగారమును జాతికి అంకితము చేసిరి. దాని ఉద్యోగుల కొరకు వెలసినదే ఉక్కునగరము. చెట్ల నీడన క్వార్టర్లు, బడులు, ఆసుపత్రి, నడచి పోదగిన అంగడి. సుమతీ శతకకారుని కోరికలు ఇంచుమించు అన్నియు ఒకే ప్రాకారములో నెరవేరిన చోటు. అందుండి కదలవలసిన దినము వచ్చువరకు అందలి వారికి పేటను ఎంచుకొను కష్టము తెలియదు.

ఆ దినము పదవీ విరమణతో వచ్చును. క్వార్టరు ఖాళీ చేయవలెను. 2021 జనవరిలో కేంద్ర మంత్రివర్గము కర్మాగారమున ప్రభుత్వ వాటాలన్నింటిని విక్రయించుటకు సమ్మతించిన నాటినుండి ఉద్యోగుల మనసులకు నిలకడ లేదు. 2025లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకము వచ్చి, గడువు తీరకముందే కొందరు కదలిరి. తాము అనుకొనిన యేటి కంటె ముందుగనే పెట్టెలు సర్దుకొనిన ఇండ్లు ఎన్నియో!

ఒక కుటుంబమును ఊహింతము. పేరులు వలదు, ఈ వాలకపు కుటుంబములు అచట ఏ వీధిలో నైనను కనబడును. ఇంటి పెద్ద ఉక్కు కర్మాగారమున ముప్పది యేండ్లు పనిచేసి విరమించెను. ఆయన తల్లికి ఎనుబది దాటినవి. కుమారుడు ఋషికొండ మీది కంప్యూటరు సంస్థలో ఉద్యోగి. కోడలు అగనంపూడి దాపున ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయిని. మనుమరాలు తొమ్మిదవ తరగతి. చేతికి వచ్చిన గ్రాట్యుటీయు భవిష్యనిధియు కలిపి ఒక ఇల్లు కొనవలెనని ఆయన సంకల్పము. మూడు దారులున్నవి. ప్రక్కనే యున్న కూర్మన్నపాలెము, దువ్వాడ ఒక దారి. గోపాలపట్టణము మీదుగా వేపగుంట, పెందుర్తి రెండవది. మధురవాడ, పి.ఎం. పాలెము మూడవది.

"మధురవాడలో తీసుకుందాం అమ్మా. అబ్బాయి ఆఫీసుకు పది నిమిషాలు. రేపు అమ్మినా మంచి ధర వస్తుంది" అని మామగారు కోడలితో ననును. ఆయన మాటలో స్వార్థము లేదు. తన జీవితమంతయు కూడబెట్టినది కుమారుని దగ్గర పెట్టుచున్నాడు. "మరి నా బడి, మామయ్యగారూ?" అని ఆమె మెల్లగా ననును. "బస్సులున్నాయి కదమ్మా" అని సమాధానము. అంతటితో ఆ ప్రశ్న తీరినట్లే యింటిలో నందరును భావింతురు. దానిని తీరనీయక ఒక్కింత పట్టి చూతము.

దక్షిణమున కూర్మన్నపాలెమునుండి ఉత్తరమున కొమ్మాది దాక మెట్రో రైలు వేయవలెనని ప్రతిపాదన కలదు. ఆ మార్గపు పొడవు ముప్పదినాలుగు కిలోమీటర్లని లెక్క కట్టిరి. మధురవాడ కొమ్మాదికి ఇవతలనే యున్నది. అనగా కోడలికి ఒక్క వైపునకు ముప్పది కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. రైలు వచ్చునపుడు వచ్చును. ఇండ్లు అమ్మువారి ప్రకటనలలో మాత్రము అది ఎన్నడో నడచుచున్నది! నడచు రైలును చూచి ఇల్లు కొనవలెను గాని, కాగితము మీది రైలును చూచి కొనుట తగదు. ఇప్పటికున్నది జాతీయ రహదారి. గాజువాక కూడలి, ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు, మద్దిలపాలెము, హనుమంతువాక, ఇవన్నియు దాటవలెను. నగరపు ఉత్తర దక్షిణములకు నడుమ రాకపోకలకు వెన్నెముక అదొక్కటియే. ఓడరేవు లారీలు, కర్మాగారపు బస్సులు, బడి ఆటోలు, పెండ్లి కారులు అన్నియు దానిమీదనే. బస్సు సాఫీగా సాగినను గంటన్నరకు తగ్గదు.

రానుపోను దినమునకు మూడు గంటలు. పాఠశాల పనిదినములు యేడాదికి 220 అనుకొందము. మొత్తము 660 గంటలు. ఇరువది యేడున్నర అహోరాత్రములు! ఎనిమిది గంటల పనిదినములుగా విడగొట్టినచో ఎనుబదిరెండున్నర దినములు. ఒక ఉపాధ్యాయిని యేడాదిలో రెండున్నర నెలలు పైగా జీతము లేని మరియొక ఉద్యోగము చేయుచున్నదన్న మాట. 2025 ఆగస్టు 15 నుండి రాష్ట్రమున స్త్రీలకు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో ఉచిత ప్రయాణము లభించినది. అది గొప్ప మేలు. దానివలన ఆమె సొమ్ము మిగులును. గంట మిగులదు. ఇంకొక చమత్కారమున్నది. ప్రయాణము ఉచితమైన పిదప "నీకేమి ఖర్చు?" అని అనుటకు ఇంటిలోని వారికి వీలు చిక్కినది.

కుమారుని సంగతి వేరు. అతని సంస్థలో కొన్ని దినములు ఇంటినుండియే పని చేయవచ్చును. తక్కిన దినములు గంట ఆలస్యముగా పోయి గంట ఆలస్యముగా రావచ్చును. బడి గంట ఎవరికొరకును ఆగదు. 2022లో ఉపాధ్యాయులకు ముఖము చూపి హాజరు వేయు పద్ధతి ప్రవేశపెట్టినపుడు, ఎన్.ఎ.డి. దగ్గర బస్సు నిలిచిన నిమిషములకు ఎంత గుండెదడ యుండునో ఈ వ్యాసము చదువు ఉపాధ్యాయినులకు నేను చెప్పనక్కరలేదు. పైగా ఉదయము వంట ఆమెదే, సాయంకాలము బిడ్డ చదువు ఆమెదే, ముసలమ్మ మందుల వేళ ఆమెదే. కదలరాని గంటలన్నియు ఒకరివి. కదల్చదగిన గంటలు మరియొకరివి. ఇల్లు మాత్రము రెండవవాని కచేరీ ప్రక్కన కొనుటకు నిశ్చయింతురు. ఇది ఏ గణితమున సరిపోవును?

బ్రూనో ఫ్రే, అలోయిస్ స్టూట్సర్ అను ఇద్దరు స్విట్జర్లాండు ఆర్థికవేత్తలు జర్మనీ దేశపు కుటుంబముల లెక్కలను పరిశీలించి 2008లో ఒక వ్యాసము వెలువరించిరి. దూరమున కాపురముండువాడు దానికి బదులుగా చౌకయైన ఇంటినో, మంచి జీతమునో పొందును గనుక అతని తృప్తికి లోటుండరాదని అర్థశాస్త్రము చెప్పును. వారి పరిశీలనలో నట్లు తేలలేదు. ప్రయాణపు కాలము పెరిగిన కొలది జీవితము పట్ల తృప్తి తగ్గినది. ఇల్లు వెడల్పైనందున కలుగు సంతోషము కొన్నాళ్ళకు అలవాటై మాసిపోవును గాని, రోడ్డు మీది విసుగు దినదినము క్రొత్తగా పుట్టును. మూడవ పడకగది ఎంత ముచ్చటగా నున్నను అందు నిద్రించుటకు ఇంటికి చేరవలెను గదా!

ఇక పెందుర్తి దారి. ఇచట నేల కొంత చౌక. చౌకకు కారణము నడుగక కొనువారే యెక్కువ. వేపగుంట, అడవివరము, పురుషోత్తపురము, చీమలపల్లి, వెంకటాపురము అను అయిదు గ్రామములను పంచగ్రామములందురు. ఇచటి వేలాది ఎకరములపై సింహాచల దేవస్థానమునకును, తరతరములుగా కాపురమున్న వారికిని మధ్య హక్కుల తగవు దశాబ్దములుగా సాగుచున్నది. ఇండ్లున్నవి, మనుష్యులున్నారు, కరెంటు బిల్లు వచ్చును, పన్ను చెల్లును. పైకప్పు మరమ్మతు చేయించుకొనుటకు సయితము ఇక్కట్లు పడినవారు కలరు. రిజిస్ట్రేషను చట్టము 22-ఎ క్రింద నిషేధపు జాబితాలో చేరిన భూమికి ఏ బ్యాంకును అప్పీయదు. శతకకారుడు మొదట ఋణదాతనే పేర్కొనుటలో ఎంత దూరదృష్టి! అప్పు పుట్టని చోట ఇల్లు కొనవలదని అతడు నేడును చెప్పుచున్నట్లే యున్నది. పెందుర్తి అంతయు ఇట్టిదని నా భావము కాదు. సర్వే నంబరు చూడక బయానా ఇయ్యరాదని మాత్రమే.

ఈ దారిలోనే గాలిని గూర్చి చెప్పవలెను. విశాఖ నేల తీరు గిన్నె వంటిది. ఉత్తరమున సింహాచలము, కైలాసగిరి వరుస. దక్షిణమున యారాడ కొండ. నడుమ పల్లములో రేవు, కర్మాగారములు, ఇండ్లు. వేసవి మొదలు వానకాలము ముగియు దాక నైరుతి గాలులు వీచును. పొగగొట్టములును నైరుతిననే యున్నవని ముందే చెప్పితిని. ఆ పల్లమున చేరిన దుమ్మునకు పోవుటకు దారి తక్కువ. పాత పట్టణమున, జ్ఞానాపురమున ఆరవేసిన తెల్ల పంచెపై రేవులోని బొగ్గుపొడి ఎట్లు పేరుకొనునో అచటి గృహిణులను అడుగవలెను. గాజువాక వైపు దుమ్మునకు రంగు మారును గాని దుమ్ము తప్పదు.

దుమ్ము మెల్లగా చేయు హాని. ఒక్క దినములో చేసిన హానులును ఈ ఊరు చూచినది. 1997 సెప్టెంబరు 14న చమురు శుద్ధి కర్మాగారమున అగ్నిప్రమాదము జరిగి అరువదిమంది వరకు మరణించిరి. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్టణము ప్రక్కనున్న ఆర్.ఆర్. వెంకటాపురమున పాలిమర్ల కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి నిద్రించుచున్నవారి మీదుగా పాకినది. పన్నెండుగురు మరణించిరి, వందలమంది ఆసుపత్రుల పాలైరి. ఆ కర్మాగారము 1961లో వెలసినది. అప్పుడది ఊరికి వెలుపల. తరువాతి అరువది యేండ్లలో కర్మాగారము కదలలేదు, ఇండ్లు దాని గోడ దాక పోయినవి. చౌకగా దొరికిన స్థలములో ఇల్లు కట్టుకొన్నవారిది తప్పనుటకు నాకు నోరు రాదు. ఇల్లు కట్టుకొనుటకు అనుమతి నిచ్చినదెవరు? ఆ గోడకు ఆవల నేమి నిలువ చేసిరో ఈవలి వారికి చెప్పినదెవరు? స్థలము చూడబోవు దినమున నలుదిక్కుల ఏయే కర్మాగారములున్నవో విచారించుట, వాస్తు చూపించుటకంటె తక్కువ అవసరము కాదు.

మధురవాడ వారికి గాలి నయము. నీరు మాత్రము వేరు కథ. ఎండని యేరు విశాఖకు ఎన్నడును లేదు. ఊరి దప్పికను ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ, తాటిపూడి, రైవాడ జలాశయములు తీర్చవలసినదే. అవి చాలక నూటయేబది కిలోమీటర్లకు పైబడిన కాలువ ద్వారా ఏలేరు నీరు తెప్పించుకొనుచున్నాము. ఉత్తరపు అపార్టుమెంట్లలో చాలవాటికి బోరుబావియు, అది అడుగంటినపుడు ట్యాంకరుబండియు గతి. ఫ్లాటు చూపించువాడు బాల్కనీనుండి సముద్రమును చూపించును. ఏప్రిలు నెలలో కుళాయిని త్రిప్పి చూపుమని అడిగినవారు తక్కువ. వైద్యునికి లోటు లేదు. 1923 నాటి కింగ్ జార్జి ఆసుపత్రి మొదలు హనుమంతువాకలోని విమ్స్ వరకు పెద్ద ఆసుపత్రులెక్కువ ఉత్తరపు వైపునకు దగ్గర. ఎనుబదియేండ్ల ముసలమ్మ వలన చూచినచో మధురవాడకు ఇది బలమైన వాదన. దక్షిణమున ఉక్కునగరపు ఆసుపత్రి యున్నది. ఆమెకు అచటి దారులు, డాక్టర్ల ముఖములు ముప్పది యేండ్లుగా తెలిసినవి. వృద్ధుల విషయమున తెలిసిన ముఖము కూడ ఒక ఔషధమే యని నా అనుభవము.

ఆ ముసలమ్మను ఒక మాట అడిగి చూడవలెను. ఉక్కు కర్మాగారము కొరకు అరువదికి పైగా గ్రామముల నేల సేకరింపబడినది. అచటివారికి వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ మొదలగు చోట్ల పునరావాస కాలనీలు చూపించిరి. ఏ పాలెమున కాపురముండవలెనని వారిని అడిగినవారు లేరు. ఆ తరము వారిలో కొందరు నేటికిని తమ ఊరు పేరు చెప్పునపుడు, కర్మాగారపు గోడలోపల మాసిపోయిన పల్లె పేరే చెప్పుదురు. ఉద్యోగమిత్తుమన్న మాట కొరకు యేండ్ల తరబడి కార్డులు చేతబట్టి తిరిగినవారును వారిలో కలరు. వారితో పోల్చినచో, మూడు పేటలలో ఏది బాగు అని బల్లచుట్టు కూర్చుండి తర్కించుట ఒక భాగ్యమే. భాగ్యము గనుకనే దానిని ఒక్కరి మాటతో ముగింపరాదు. నిర్వాసితుని అడుగకుండ ప్రభుత్వము స్థలము మార్చినచో అన్యాయమందుము. కోడలిని అడిగియు వినకుండ ఇంటి పెద్ద మార్చినపుడు దానికి పేరైనను లేదు.

నాకు తోచినది చెప్పెదను. ఈ కుటుంబము ఇప్పుడే కొనరాదు. కూర్మన్నపాలెముననో దువ్వాడననో, కోడలి బడికి దగ్గరగా, అద్దెకుండవలెను. రెండేండ్లు చాలును. మనుమరాలు పదవ తరగతి అదే బడిలో ముగించును. కుమారుడు ఉత్తరమునకు పోయి వచ్చును. ఇంటినుండి పని చేయు దినములు పోగా అతడు తిరుగవలసిన దినములు ఆమె దినములలో సగమో, అంతకు కొంచెమెక్కువయో యగును. దువ్వాడకు మరియొక సౌకర్యము కలదు. విశాఖపట్టణము స్టేషనులోనికి పోక తిరుగు రైళ్ళు పెక్కు అచట ఆగును. ఆ రెండేండ్లును గ్రాట్యుటీ సొమ్ము బ్యాంకులో పడి యుండుట పెద్దాయనకు ముల్లువలె గుచ్చుకొనును. "అద్దె అంటే నీళ్ళలో పోసినట్టే" అనును. మూడు గంటలు దినదినము ఎచట పోసినట్లో ఆయనను ఎవరైన అడుగవలెను.

ఉపాధ్యాయులకు బదిలీలుండును గదా, ఆమె బడినే ప్రమాణముగా తీసికొనుట ఏమి న్యాయమని అడుగవచ్చును. మంచి ప్రశ్నయే. 2025లో రాష్ట్రము చేసిన ఉపాధ్యాయ బదిలీల చట్టము ప్రకారము ఒకే పాఠశాలలో ఎనిమిది విద్యా సంవత్సరములు నిండిన ఉపాధ్యాయుడు తప్పక కదలవలెను, ప్రధానోపాధ్యాయునకు అయిదే. అందుచేతనే కొనవలదనుచున్నాను. ఎనిమిదేండ్లకు మారు ఉద్యోగము కొరకు ఇరువదియేండ్ల అప్పు చేయరాదు. ఋషికొండ మీది ఉద్యోగమునకు ఎనిమిదేండ్ల పూచీ కూడ లేదు. 2023లో శంకుస్థాపన జరిగిన భోగాపురపు విమానాశ్రయము వలన ఊరి మొగము మరింత ఉత్తరమునకు తిరుగుననువారు కలరు. తిరుగవచ్చును. ధర పెరుగునని ముందే కొనుట వ్యాపారము. కాపురము దానికి లొంగి నడువవలెననుటకు ఏ శాస్త్రమును లేదు.

ఇంతకును ఏ కారణముననైన కదలక తప్పనివారికి తిథులతో ఒక చిక్కున్నది. మన రాష్ట్రమున బడులు సాధారణముగా జూన్ 12న తెరువబడును. కొన్ని యేండ్లు జూన్ నెలాఖరుననే ఆషాఢము ప్రవేశించును. శూన్యమాసమున ఇల్లు మారరాదని పెద్దలు పట్టుబట్టుదురు. మే నెలలో ముహూర్తమున్నను రిజిస్ట్రేషను కాదు, రంగులు వేయుట ముగియదు, లిఫ్టు పనిచేయదు. శ్రావణము వచ్చి పాలు పొంగించు నాటికి ఆగస్టు. నాకు తెలిసిన ఇండ్లలో తెలివిగలవారు ముహూర్తమునకు పాలు పొంగించి, ఆ గిన్నెయు దేవుని పటమును అచట నుంచి, సామానును బిడ్డ చదువును మరుసటి వేసవి దాక కదలింపక ఊరకుండిరి. పురోహితుడును అడ్డు చెప్పలేదు. అట్లు చేయలేనివారి పిల్లలు టి.సి. చేతబట్టుకొని ఆగస్టులో మన తరగతి గడపలో నిలుచుందురు. అప్పటికి తెలుగు వాచకమున మూడు పాఠములు ముగిసియుండును, బల్లలలో జట్లు ఏర్పడి యుండును. వారి పేరు హాజరు పట్టీలో అక్షర క్రమమున గాక అట్టడుగున, వేరు సిరాతో చేరును.